అమావాస్య నాడు తీసిన కారు

హఫీజ్‌పేట్ స్టేషన్ దగ్గర, మిర్చి బజ్జీల బండికి ఎదురుగా, రెండో అంతస్తులో ఉంటుంది లింగమూర్తి డిటెక్టివ్ ఆఫీసు. అక్కడి మెట్లెక్కే వాళ్ళలో ముప్పాతిక మంది పెళ్ళికొడుకుల గుణగణాలు ఆరా తీయమని వచ్చేవాళ్ళే. అందుకే ఆ సోమవారం పొద్దున గొడుగు ముడుస్తూ లోపలికొచ్చిన అమ్మాయిని చూడగానే అసిస్టెంట్ కృష్ణప్రియ, "అబ్బాయి ఫొటో తెచ్చిన్రా?" అనేసింది.

ఆ అమ్మాయి తెచ్చింది ఫొటో కాదు, కారు తాళం. దాన్ని బల్ల మీద పెట్టి, చేతికి అంటుకున్న మసేదో వదిలించుకున్నట్టు వేళ్ళు దులుపుకుంది. కళ్ళు ఏడ్చి ఏడ్చి ఉబ్బి ఉన్నాయి గానీ గొంతు మాత్రం వణకలేదు.

"నా పేరు రసజ్ఞ అండి. రాయదుర్గంలో ఉద్యోగం. వారం కిందట ఆదివారం నా కారు గుద్ది ఒక మనిషి కాలు విరిగింది. తప్పు నాదే అంటున్నారు. నాదే అయితే ఒప్పుకుంటాను, శిక్ష పడితే పడనివ్వండి. కానీ నేను స్పీడుగా వెళ్ళలేదండి. ఆయన కాలు నా వల్ల విరిగిందా, కాదా? నాకది తెలియాలి."

లింగమూర్తి వేయించిన పల్లీలు ఒలుచుకుంటూ విన్నాడు. యాభై దాటిన మనిషి. ఒకప్పుడు ఇన్సూరెన్సు కంపెనీ తరఫున గుద్దుకున్న బండ్లన్నీ చూసొచ్చేవాడు. ఆయన దగ్గర ఆరు నెలలు పనిచేసి పోదామని చేరిన కృష్ణప్రియ ఏళ్ళు గడిచినా కదల్లేదంటే కారణం ఒకటే. ఎదుటి మనిషి చెప్పేది ఆయన విన్నట్టు ఇంకెవరూ వినరు.

రసజ్ఞ చెప్పిన కథ ఇది. ఆమెది చిన్న ఎర్ర కారు. చూడ్డానికి పిట్టంత, పరుగులో గుర్రం. పాత టైర్లు అరిగిపోతే కొత్తవి ఎంచుకోవడానికి నెల రోజులు తల బద్దలు కొట్టుకుంది. అలాంటి కార్లకు వేసే టైర్లలో రెండు రకాలున్నాయట. ఒకటి ఎండిన రోడ్డును బంకలా పట్టుకుంటుంది, తడి తగిలితే మాత్రం చేతులెత్తేస్తుంది. రెండోది ఎండలో కాస్త తగ్గినా, దాని మీది గాడులు నీళ్ళను పక్కకు చిమ్మేసి వానలో పట్టు వదలవు. కోకాపేటలో ఆమె ఉండే అపార్ట్‌మెంట్‌లోనే, ఆమె ఆఫీసులోనే పనిచేసే జశ్వంత్ అని స్నేహితుడున్నాడు. అతనిదీ అదే కారు, రంగొక్కటే నీలం. ఒకరి స్పేర్ తాళం ఇంకొకరి దగ్గర ఉండేంత స్నేహం. హైదరాబాద్‌లో వాన పడేదెన్ని రోజులు, నాలాగా ఎండ టైర్లే వేయించుకో అని అతను చెవినిల్లు కట్టుకుని పోరు పెట్టాడు. ప్రాణం మీదికొచ్చేది ఆ వాన రోజుల్లోనే కదా అని ఈమె రెండో రకమే తీసుకుంది, నాలుగూ ఒకేసారి.

టైర్లకు పూజ చేసింది ఆమె పెద్దమ్మ బాలాత్రిపురసుందరి. ఆవిడ కాకినాడ నుంచి వచ్చి కొన్నాళ్ళుగా ఇక్కడే ఉంటోంది. ఆదివారం అమావాస్య, కొత్త టైర్లతో బండి గడప దాటడానికి వీల్లేదని శనివారం లిఫ్టులో అందరి ముందూ ఆన పెట్టింది. తీరా ఆదివారం సాయంత్రం ఆవిడకే ఆయాసం ముంచుకొచ్చింది. బయట జోరువాన, ఆటో దొరకదు, క్యాబ్ రాదు. రసజ్ఞ కారు తీసింది. మలుపు దగ్గర బ్రేకు తొక్కితే కారు ఆగకుండా జారి, ఫుట్‌పాత్ అంచుకు రాసుకుని, ఆటో పక్కన నిలబడ్డ నర్సింహ అనే డ్రైవర్ని కొట్టింది.

"జశ్వంత్‌కి ఫోన్ చేశానండి. పొద్దున్నే వానలో ఏదో కార్ల పోటీ గెలిచి, ఆ సంబరంలో ఉన్నవాడు పాపం పరుగెత్తుకొచ్చాడు. మేమంతా అంబులెన్సులో వెళ్ళాం. బంపర్ పగిలినా కారు కదులుతోందని తనే నడిపి సెల్లార్లో పెట్టాడు."

మర్నాడు పోలీసులు కారు తీసుకెళ్ళారు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చూసి, బ్రేకులు బాగున్నాయి, టైర్లు కొత్తవి, కాబట్టి తప్పు నడిపిన మనిషిదేనని తేల్చి కారు వెనక్కి ఇచ్చేశారు. బుధవారం స్టేషన్‌కెళ్ళి వాంగ్మూలం ఇవ్వాలి. స్పీడుగా వెళ్ళానని ఒప్పుకుంటే తొందరగా తెమిలిపోతుందని జశ్వంత్‌తో సహా అందరిదీ అదే సలహా.

లింగమూర్తి ఒక్కటే అడిగాడు. "బ్రేకు తొక్కినప్పుడు నీకేమనిపించిందమ్మా?"

"అది నా కారు కాదనిపించిందండి."

పల్లీలు ఒలిచే చెయ్యి ఆగింది. కృష్ణప్రియకు ప్రాణం లేచొచ్చింది. సార్ చెయ్యి అలా ఆగిందంటే ఇక ఆ కేసు వదలడు.

ముందు దవాఖానకు వెళ్ళారు. నర్సింహ కాలు తొడ దాకా కట్టుతో పైకి వేలాడుతోంది. కోపమంతా తన భార్య పోచమ్మకు వదిలేసినట్టు అతను మాత్రం నెమ్మదిగానే మాట్లాడాడు.

"ఆ పిల్ల మెల్లగనే వచ్చింది సార్. బ్రేక్ కొట్టింది, నేను చూసిన. బండే ఆగలే. సబ్బు మీద కాలు వడ్డట్టు జారుకుంట వచ్చింది. పోలీసోళ్ళకు గిదే చెప్తే, దెబ్బకు నీకు సోయి లేదన్నరు."

"మరి ఎవరిదో ఒకరిది తప్పు ఉండాలె గద?" అంది పోచమ్మ. "ఊకెనే కాలు ఇరుగుతదా?"

లింగమూర్తి, "ఉంటదమ్మా, తీసుకొస్త," అని చెప్పి బయటికొచ్చాడు.

మలుపు దగ్గర ఫుట్‌పాత్ అంచు రాళ్ళకు నలుపూ పసుపూ రంగులు వేసి ఉన్నాయి. ఒక పసుపు రాయి మీద మూరెడు పొడవున రంగు లేచిపోయి, ఆ గీతలో వెండిలాంటి మెరుపు కనిపించింది. చక్రం రిమ్ము గట్టిగా రాసుకుంటే పడే గీత అది. లింగమూర్తి దాన్ని నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీశాడు.

టైర్ల దుకాణం సాయిచంద్ వీళ్ళను చూసి హడలిపోయాడు. పాత సరుకు అంటగట్టాడని పెద్దావిడ అప్పటికే ఫోన్‌లో శాపనార్థాలు పెట్టిందట. తను అమ్మినవి తాజా టైర్లేనని, కావాలంటే కారుకున్నవే చూసుకొమ్మని లబలబలాడాడు. బోల్టులు సరిచూడ్డానికి శనివారం మధ్యాహ్నం కారు మళ్ళీ తన దగ్గరికి వచ్చిన మాట నిజమే. బోల్టులు బిగించి పంపాడు, చక్రాలు విప్పలేదు. ఆ రకం టైర్లు కుడికైనా ఎడమకైనా, ముందుకైనా వెనక్కైనా పడతాయని కూడా చెప్పాడు. దొంగలెత్తుకుపోకుండా చక్రానికొకటి చొప్పున ప్రత్యేకమైన బోల్టు ఉంటుందని, దాన్ని విప్పే తాళం కారు డాష్‌బోర్డు అరలోనే ఉంటుందని కృష్ణప్రియ అడిగి తెలుసుకుంది.

సాయంత్రానికి అపార్ట్‌మెంట్ సెల్లార్‌కి చేరారు. ఎర్ర కారు పగిలిన మూతితో దిగాలుగా నిలబడి ఉంది. దాని పక్కన నిండా కవర్ కప్పుకుని ఇంకో కారు. బాలాత్రిపురసుందరి కిందికొచ్చి కూర్చోవడానికి కుర్చీ వేయించుకుంది. ఆవిడకు టైర్ల మీదా అనుమానమే, దుకాణం మీదా అనుమానమే, అన్నిటికంటే అమావాస్య మీద ఎక్కువ అనుమానం.

"నా ప్రాణం కోసం అది అమావాస్య పూట బండి తీసిందండీ. నేను పోయినా బాగుండేది. ఆ పాపం దాని నెత్తిన పడింది."

పూజ ఎట్ల చేసిన్రమ్మా అని లింగమూర్తి అడిగితే ఆవిడ కాస్త తేరుకుంది. నువ్వుల నూనెలో పసుపు రంగరించి, దుకాణంలో సాయిచంద్ కొబ్బరికాయ కొడుతుండగా తన చేత్తోనే బొట్లు పెట్టింది. మూడు చక్రాలకు బొట్లు, కుడివైపు ముందు చక్రానికి మాత్రం శ్రీకారం. మనం కుడికాలు ముందు పెట్టి గడప దాటమూ, బండికి మాత్రం ఆ మర్యాద వద్దా అని ఎదురడిగింది.

లింగమూర్తి కారు చుట్టూ వంగి వంగి తిరిగాడు. నాలుగు రిమ్ములూ కొత్త గిన్నెల్లా తళతళలాడుతున్నాయి. ఎడమవైపు వెనక చక్రం దగ్గర చతికిలబడి, టైరు మీది అక్షరాల సందుల్లో వేలితో రుద్ది, వాసన చూసి, వేలు కృష్ణప్రియకు చూపించాడు. పచ్చగా, జిడ్డుగా ఉంది. దగ్గరగా చూస్తే వంకర తిరిగిన గీతల ఆనవాలు కూడా కనిపిస్తోంది. ఆమె నోరు తెరవబోతే కళ్ళతోనే వారించాడు.

మంగళవారం మధ్యాహ్నం అదే సెల్లార్లో అందరూ కూడారు. రసజ్ఞ, పెద్దమ్మ, చెమటలు తుడుచుకుంటున్న సాయిచంద్, ఆఫీసు నుంచి వచ్చిన జశ్వంత్. జశ్వంత్ చాలా మర్యాదస్తుడు. వచ్చీ రాగానే పెద్దావిడ కుర్చీని ఫ్యాను కిందికి జరిపాడు. అంత మంచి పిల్లవాడి వైపు చూడలేక కృష్ణప్రియ ఎర్ర కారు వైపు తిరిగి నిలబడింది. రాత్రంతా ఆలోచిస్తే ఆమెకూ లెక్క తేలింది, తేలినందుకు సంతోషం మాత్రం కలగలేదు.

"బ్రేక్ ఇన్‌స్పెక్టర్ తప్పు చెప్పలే," అని మొదలుపెట్టాడు లింగమూర్తి. "ఆయన చూసినప్పుడు కారుకు కొత్త టైర్లే ఉన్నయి. గుద్దినప్పుడు లేవు."

తను తీసిన రాయి ఫొటో అందరి ముందూ పట్టాడు.

"మలుపు కాడ రాయి మీద రిమ్ము రాసుకున్న గీత ఉన్నది. ఈ కారు రిమ్ములకు గోటి గీత కూడ లేదు. అంటే రాసుకున్న చక్రం ఇది కాదు. ఇగ అమ్మ శ్రీకారం రాసింది కుడి ముందు చక్రానికి. అది ఇప్పుడు ఎడమ వెనక ఉన్నది. చక్రాలు వాటంతట అవి నడిచిపోవు కదా. ఎవరో ఈ నాలుగూ విప్పి, మళ్ళ బిగించిన్రు."

అందరి కళ్ళూ సాయిచంద్ వైపు తిరిగాయి. అతను గోడకు చేరగిలబడ్డాడు. లింగమూర్తి చెయ్యెత్తి ఆపాడు.

"ఈయన కాదు. శ్రీకారం ఏ చక్రానికి రాసిన్రో ఈయన కండ్లార చూసిండు, ఉన్నకాడనే బిగించేటోడు. పైగా గుద్దినంక, పోలీసులు రాకముందు, ఈయన కారును ముట్టనే లేదు. ఆ రాత్రి కారు ఎవరి చేతుల ఉండె?"

"నేనే తెచ్చి పార్క్ చేశాను," అన్నాడు జశ్వంత్ తొణక్కుండా. "హెల్ప్ చేయడం తప్పా అండి? అయినా టైర్లు మార్చడం నాకెందుకు? నాకు లేవా?"

"ఉన్నయి. ఎండ టైర్లు. ఆదివారం పొద్దున పోటీ ఏమో వానల. అదే పోటీ నువ్వు గెలిచినవు, కప్పు పట్టుకున్న ఫొటో నువ్వే అందరికీ పంపినవు. ఆ టైర్లతోని ఆ వానల ఎట్ల గెలిచినవు బాబూ?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, జశ్వంత్ చూపు తనకు తెలియకుండానే కవర్ కప్పిన కారు మీదికి పోయింది. అది చాలు కృష్ణప్రియకు. చరచరా నడిచి కవర్ లాగిపడేసింది.

నీలం కారు. కుడి ముందు రిమ్ము అంచు జానెడు మేర కొరుక్కుపోయి ఉంది. ఆ గాట్లో ఫుట్‌పాత్ రాయి మీది పసుపు రంగు ఇరుక్కుని ఉంది. టైరు అరచేతంత నున్నగా అరిగి ఉంది. సాయిచంద్ వంగి చూసి, ఇవి తడిలో వేసుకోవాల్సినవి కావని మెల్లగా అన్నాడు.

రసజ్ఞ వంగి ఆ అరిగిన టైరును వేలితో తడిమింది. తర్వాత జశ్వంత్ ముందుకొచ్చి నిలబడింది.

"ఎందుకు అడగలేదు? అడిగితే ఇచ్చేదాన్ని కదా."

అతను నేల చూపులు చూస్తూ చెప్పాడు. ఎండ టైర్లే మేలని నెల రోజులు ఆమెతో వాదించి, అందరి ముందు ఎగతాళి చేసి, మళ్ళీ ఆ వాన టైర్లే ఇవ్వమని అడగడానికి నామోషీ అయింది. ఒక్క రోజే కదా అనుకున్నాడు. శనివారం చీకటి పడ్డాక, తన దగ్గరున్న స్పేర్ తాళంతో ఆమె కారు తెరిచి, అరలోని బోల్టు తాళం తీసుకుని, రెండు కార్ల చక్రాలూ తారుమారు చేశాడు. ఆదివారం గెలిచొచ్చాక టైర్ల బురద కడిగి, అందరూ సద్దుమణిగాక మళ్ళీ మార్చేద్దామని స్నేహితులతో పార్టీలో కూర్చున్నాడు. అంతలో ఫోన్ వచ్చింది. భయపడి, పోలీసులు వచ్చేలోపు ఏ కారు చక్రాలు ఆ కారుకు బిగించేశాడు. ఏది ఎటు బిగించినా పడుతుందని తెలుసు గనక చూసుకోలేదు.

"అమావాస్య కదా," అన్నాడు చివరికి. "ఆంటీ లిఫ్టులో అన్నారు. ఆ రోజు కారు తియ్యరనే అనుకున్నాను."

"టైర్ల సంగతంతా తెలిసినోనివి," అన్నాడు లింగమూర్తి. "ఆయాసం అమావాస్యని చూసి రాదని తెల్వకపాయె. తప్పు చేసినవు సరే. మరి ఆ పిల్లని తప్పు ఒప్పుకొమ్మని సలహా ఇచ్చినవు చూడు, అది నాకు మింగుడు పడ్తలేదు. నడువు స్టేషన్‌కి. నువ్వే చెప్పాలె. దానికంటె ముందు దవాఖానకు పోదాం. అక్కడ పోచమ్మ అని ఒకామె ఉన్నది, ఎవరిదో ఒకరిది తప్పు ఉండాలె కదా అని అడిగింది. ఆమెకు నేను మాటిచ్చిన."

జశ్వంత్ తలూపాడు. ఏడుస్తున్నాడు. కృష్ణప్రియకు జాలి కలిగింది, కాదనలేదు. కానీ పైకి వేలాడుతున్న ఆ కాలు గుర్తొచ్చి, జాలిని పక్కన పెట్టింది.

సాయిచంద్ ఎవరూ అడక్కుండానే జాకీ తెచ్చి, శ్రీకారం చక్రాన్ని కుడి ముందుకు మార్చి బిగించాడు. అక్కర్లేదు, ఎక్కడున్నా ఒకటే. అయినా ఆ పని చూస్తుంటే అందరికీ మనసు కుదుటపడింది. లింగమూర్తి జేబులోంచి కారు తాళం తీసి రసజ్ఞ ముందు చాపాడు. ఆమె తీసుకోలేదు. ఈ చేతులతో ఇక నడపలేనంది.

"మీ చేతులేం చేసినయి? బ్రేకు సరిగనే తొక్కిన్రు," అంది కృష్ణప్రియ. "ఆ నర్సింహే చెప్పిండు. మీరు నడుపుకుంట వస్తేనే ఆయన చూడాలె."

రసజ్ఞ తాళం అందుకుంది. దాన్ని గుప్పిట్లో బిగించి డ్రైవర్ తలుపు తెరిచింది.

అప్పుడు లేచింది బాలాత్రిపురసుందరి. కొంగు నడుముకు దోపుకుని కారు దగ్గరికి వచ్చింది. మంగళవారం, మూడున్నర దాటింది. రాహుకాలం నడుస్తోందని కృష్ణప్రియకు చప్పున తట్టింది. లింగమూర్తికీ తట్టినట్టుంది, మీసం కింద నవ్వుకుంటూ అన్నాడు.

"రాహుకాలం అమ్మా. కాసేపు ఆగుదామా?"

ఆవిడ ఆగి, వంగి, ముందు చక్రాన్ని ఓసారి పరకాయించి చూసింది.

"టైర్లు మనవేనా?"

"మీవే."

"అయితే పదండి," అని ఆవిడ తలుపు తీసి, కుడికాలు ముందు పెట్టి, కారెక్కి కూర్చుంది.