ఎనిమిది అంగుళాల చక్రాలు

పేపర్లో ప్రకటన చూసి జాక్లిన్ చక్రాలు కొనడానికి వచ్చింది. అచ్యుత్ అమ్మనన్నాడు.

1990 జూలై. పెర్త్‌లో వానలు పడుతున్నాయి. విజయవాడ నుంచి వచ్చి ఇక్కడ ఇంజనీరుగా పనిచేస్తున్న అచ్యుత్, పాత స్పోర్ట్స్ కారు కొనాలన్న సరదాతో ముందు చక్రాలు కొనేశాడు. కారు మాత్రం దొరకలేదు. జాక్లిన్ కానింగ్ వేల్‌లో పెరిగింది, ఫార్మసిస్టు. ఆమె నడిపేది ఒకప్పుడు వాళ్ల నాన్న జ్ఞానరాజు ముచ్చటపడి కొన్న డాట్సన్ 240జడ్.

ఎనిమిది అంగుళాల వెడల్పు చక్రాలు ఆ కారుకు పట్టవనీ, టైరు మడ్‌గార్డ్ అంచుకు రాసుకుంటుందనీ అతను చెప్పాడు. ఆడపిల్లననే ఇలా వంకలు పెడుతున్నాడనుకుంది జాక్లిన్. ఇంగ్లీషులో గట్టిగా వాదించింది. ఎంత మొండిదో అని అతను తెలుగులో గొణుక్కున్నాడు.

"మొండిదాన్నే," అంది ఆమె. "టేప్ ఇవ్వండి. ఐ విల్ షో యూ."

అచ్యుత్ చెవులు ఎర్రబడ్డాయి. లోపలికెళ్లి టేప్ తెచ్చాడు.

సన్నటి జల్లులో ఇద్దరూ కారు పక్కన మోకాళ్ల మీద కూర్చుని కొలిచారు. ముందు చక్రాల విషయంలో అతని మాటే నిజమైంది. స్టీరింగ్ తిప్పితే టైరు రాసుకుంటుంది. వెనక మాత్రం గార్డ్ లోపలి అంచు మడిస్తే ఎనిమిది అంగుళాలవే చక్కగా కూర్చుంటాయని ఆమె చూపించింది. జడ నుంచి నీళ్లు కారుతున్నా ఆమె టేప్ వదల్లేదు. అతను కొలత రెండుసార్లు తప్పు చదివాడు.

అప్పుడు చెప్పింది అసలు సంగతి. పాత చక్రాలు బీటలిచ్చాయి. కారు అమ్మేద్దామంటున్నాడు నాన్న. కొత్త చక్రాలతో ఒక్కసారి తన పక్కన కూర్చుని రమ్మని ఆమె నాన్నను బతిమాలింది. సరేనన్నాడు గానీ, ఎక్కడైనా టైరు రాసుకున్న చప్పుడు వినబడితే కారు అమ్మేస్తానన్నాడు.

ఆ తర్వాత ప్రతి శనివారం ఇద్దరూ పాత కార్ల యార్డులు తిరిగారు. ముందు వైపుకు సరిపోయే ఏడు అంగుళాల చక్రం దొరికితే ఆఫ్‌సెట్ కుదిరేది కాదు, అంటే అది ఉండాల్సిన దానికన్నా లోపలికో బయటికో జరిగి కూర్చునేది. దొరకనందుకు అచ్యుత్ పైకి విసుక్కునేవాడు. ఇంకో శనివారం మిగిలిందని లోలోపల సంబరపడేవాడు. చివరికి జత దొరికింది. గార్డ్ అంచులు వేడి చేసి మడిచారు, చక్రాలు బిగించారు.

ఆదివారం చర్చి నుంచి రాగానే జ్ఞానరాజు కూతురి పక్కన కారెక్కాడు. వాళ్ల ఇంటి ముందే అచ్యుత్ నిలబడ్డాడు. జాక్లిన్ తల్లి మరియరాణి వచ్చి లోపలికి రమ్మన్నా కదల్లేదు.

కారు తిరిగొచ్చింది. జ్ఞానరాజు దిగి, నాలుగు చక్రాలూ వంగి చూశాడు. రైలు గేటు దగ్గర కూడా చప్పుడు రాలేదన్నాడు.

"అయితే బాబూ, నీ చక్రాలు సగమే అమ్ముడయ్యాయి. ఇన్ని వారాలు దేనికి తిరిగావు?"

అచ్యుత్ జాక్లిన్ వైపు చూశాడు. స్టీరింగ్ మీద ఆమె వేళ్లు ఆగిపోయాయి.

"మొదట కారు కోసమే అంకుల్," అన్నాడు మెల్లగా. "తర్వాత మీ అమ్మాయి కోసం."

జ్ఞానరాజు కారు తలుపు మూయకుండా పక్కకు జరిగి, ఇంటి వైపు తిరిగాడు.

"మరియా, టీ పెట్టు. వీళ్లిద్దరూ ఒక రౌండ్ వేసొస్తారు."

అచ్యుత్ ఎక్కాడు. కారు వీధి మలుపు తిరిగింది.

"చెప్పడానికి నాన్నే దొరికారా? నాతో ముందు చెప్పొచ్చుగా," అంది జాక్లిన్.

"ఇప్పుడు చెబితే?"

అద్దం మీద చినుకులు మొదలయ్యాయి. ఆమె వైపర్ వేసింది. నవ్వు ఆపుకోవడం మాత్రం ఆమెకు చేతకాలేదు.

"నది దాకా వెళ్దాం. చెప్పు, నింపాదిగా చెప్పు. ఐ యామ్ లిజనింగ్."