సరే అనని మొదటి కారు

“పన్నెండున్నరకి మీ అక్క కోర్టులో సాక్ష్యం చెప్పాలి. ఆలోగా ఆవిడ కారు ఎక్కడుందో వాళ్లకి తెలిస్తే అంతే సంగతులు,” అన్నాడు చీఫ్.

నత్త కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోతున్నాడు. ఒక్క నిమిషం నిలవలేని మనిషికి ఆ కోడ్‌నేమ్ పెట్టినవాడెవడో గానీ మంచి హాస్యప్రియుడు. దొంగ పాస్‌పోర్టుల విదేశీ ముఠా గుట్టు రట్టు చేసింది అతని సొంత అక్కే, పాస్‌పోర్టు ఆఫీసులో మామూలు గుమాస్తా.

“వాళ్ల ప్లాన్?”

“ఒక డ్యాష్‌క్యామ్ కంపెనీ, కారు అద్దానికి తగిలించే కెమెరాలు చేసేది. పాత మోడల్‌కి అప్‌డేట్ పేరుతో వైరస్ పంపుతారు. నలభై వేల కార్లలో ఏ కెమెరాకి మీ అక్క కారు నంబరు కనబడినా వాళ్లకి కబురెళ్తుంది. లోపల మన ఏజెంట్ చిలక ఉంది. ఇదిగో పెన్ను. నొక్కితే బిల్డింగ్‌లో నెట్‌వర్క్ మొత్తం జామ్.”

పన్నెండుకి పది నిమిషాలుందనగా ఏసీ మెకానిక్ వేషంలో నత్త కంపెనీ సపోర్ట్ సెక్షన్‌లో అడుగుపెట్టాడు. పొడవాటి బల్ల, విప్పదీసిన కెమెరాలు, హెడ్‌ఫోన్ తగిలించుకున్న ముసలి ఇంజనీరు. ఎర్ర స్కార్ఫులో చిలక ఎదురొచ్చింది. ఆమె అందం గురించి చెప్పడం మొదలుపెడితే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది.

“ఏసీ చల్లగానే ఉందే?”

“చల్లగా ఉన్నప్పుడే చూసుకోవాలి.”

కోడ్ కుదిరింది. మరుక్షణం ఆమె పిస్తోలు అతని పక్కటెముకలకు ఆనింది.

“సారీ డియర్. నేను పార్టీ మార్చి ఆర్నెల్లయింది.”

నత్త చటుక్కున పెన్ను నొక్కాడు. దాని బుల్లి తెర మీద అక్షరాలు వెలిగాయి: ‘ఈ మోడల్‌కు సపోర్ట్ నిలిపివేయబడింది.’

అక్క మొహం కళ్లముందు మెదిలింది.

చిలక బల్ల మీది కంప్యూటర్లో అప్‌డేట్ పంపే బటన్ నొక్కింది. తెర మీద అప్‌డేట్ చేరిన కార్ల అంకె ‘ఒకటి’ దగ్గరే ఆగిపోయింది.

“ఏమైంది? కదలదేం?”

“పాత మోడల్ కదమ్మా,” అన్నాడు ఇంజనీరు. “ముందు ఒక్క కారుకే పంపుతాం. డ్రైవింగ్ స్కూల్ నడిపే పెద్దావిడది. ఆవిడ చూసి, తన కెమెరాలో ‘సరే’ నొక్కితేనే మిగతావాటికి వెళ్తుంది. ఎనిమిదేళ్లుగా ఇదే పద్ధతి.”

పిస్తోలు ఆయన వైపు తిరిగింది. “నొక్కమని చెప్పు. స్పీకర్‌లో పెట్టు.”

ఫోన్ మోగింది. ఒకసారి. రెండుసార్లు.

“చెప్పు బాబూ,” అంది పెద్దావిడ. “వచ్చింది. నొక్కబోతున్నా.”

“త్వరగా నొక్కండమ్మా,” అన్నాడు ఇంజనీరు.

తెర మీద అంకె ‘ఒకటి’ దాటలేదు.

“ఎప్పుడూ ‘నిదానంగా చూసుకోండమ్మా, తొందరేం లేదు’ అనేవాడివి. ఇవాళేంటి కంగారు?”

చిలక ఫోన్ లాక్కుంది. “నొక్కవే ముసలిదానా!”

“ఎవరే నువ్వు? ఫో, నొక్కను!”

ఆ తిట్టుకి చిలక కళ్లు ఫోన్ వైపు మళ్లాయి. నత్తకి ఆ అర సెకను చాలు. పిస్తోలు బల్ల కిందికి వెళ్లింది, చిలక కుర్చీలోకి. ఇంజనీరు అప్‌డేట్ రద్దు చేసేసరికి సరిగ్గా పన్నెండయింది.

అరగంటకి ఫోనొచ్చింది. “కోర్టులో ఉన్నాన్రా తమ్ముడూ. నువ్వేం కంగారుపడకు.” నత్త గోడకి జారగిలబడి, ఆ రోజు మొదటిసారి కదలకుండా నిలబడ్డాడు. కళ్లు తుడుచుకున్నాడు కూడా.

ఇంజనీరు పెన్ను తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఎవరు చేశారిది?”

“మా డిపార్ట్‌మెంటే.”

“కంప్లయింట్ ఇద్దామంటే ఫోనెత్తుతారా?”

నత్త చుట్టూ చూసి, సర్వీసులో మొదటిసారి ఒక ప్రభుత్వ రహస్యాన్ని బయటపెట్టాడు.

“ఎత్తరు.”