కుళాయి చప్పుడు కింద

గురువారం ఉదయం రాబిన్ మేడ దిగి వంటింట్లోకి వచ్చేసరికి టోస్ట్ మాడిన వాసన వస్తోంది. తల్లి జానీన్ టీ కోసం కప్పులోకి వేడినీళ్ళు వంపుతోంది. సగం కప్పులో పడుతున్నాయి, సగం బల్ల మీద.

"అమ్మా! కప్పు ఇటుంది."

"తెలుసులేవే. నీ కాలేజీ సంబరం కదా, కంగారుగా ఉంది" అంటూ జానీన్ గుడ్డతో తుడిచింది.

"సంబరమేంటి? రెండు నిమిషాల ముక్క. దెయ్యం సినిమా ఎలా మొదలవుతుందో తీసి చూపించాలి, అంతే. నువ్వు రానక్కర్లేదు. డ్యూటీ ఉంటుంది కదా."

"లీవు పెట్టాను."

రాబిన్ చేతిలోని టోస్ట్ నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది.

జానీన్ ఇంగ్లండ్‌లోని హల్ నగరంలో ఏళ్ళ తరబడి సిటీ బస్సు నడుపుతోంది. జ్వరంతో కూడా స్టీరింగ్ పట్టుకునే మనిషి. భర్త వేరే ఊళ్ళో వేరే కాపురం పెట్టుకున్నాక ఈ ఇంటిని లాక్కొచ్చింది ఆ బస్సే. అలాంటి అమ్మ తన సినిమా కోసం లీవు పెట్టింది. మరోసారైతే రాబిన్ ఎగిరి గంతేసేది. ఈరోజు మాత్రం టోస్ట్ పళ్ళెంలో పెట్టేసింది.

ఎందుకంటే ఆ సినిమాలో దెయ్యం జానీనే. ఆ సంగతి జానీన్‌కి తెలియదు.

సినిమాలో కథంటూ పెద్దగా లేదు. పొడవాటి వరండా, చివర మూసిన తలుపు, దాని వైపు నడిచే ఓ అమ్మాయి, అంటే రాబినే. దెయ్యం కనపడదు, వినపడుతుంది. చిక్కంతా అక్కడే వచ్చింది. కాలేజీ నియమం ప్రకారం ఎక్కడో దొరికిన శబ్దాలు వాడకూడదు, ప్రతి చప్పుడూ పిల్లలు సొంతంగా రికార్డు చేసుకోవాలి. రాబిన్‌తో కలిసి ఈ సినిమా తీస్తున్న క్లాస్‌మేట్ కర్టిస్ దిండులో మొహం పెట్టి భయంకరంగా అరిచాడు. తీరా వింటే తప్పిపోయిన మేక అరిచినట్టుంది.

"మా ఇంట్లో బాత్రూమ్ పైపులు మూలుగుతాయి. అది పట్టుకొస్తాను" అంది రాబిన్.

బాత్రూమ్ గోడకి ఆనుకుని తువ్వాళ్ళ అలమర ఉంది. ఇది వారం కిందటి మాట. ఆ సాయంత్రం రాబిన్ తువ్వాళ్ళ మధ్య మైకు దాచి, రికార్డర్ చేతిలో పట్టుకుని, చెవులకి హెడ్‌ఫోన్స్ తగిలించుకుని మెట్ల మీద కూర్చుంది. అప్పుడే జానీన్ పని నుంచి వచ్చింది. కోటైనా విప్పకుండా బాత్రూమ్‌లోకి వెళ్ళి గొళ్ళెం పెట్టుకుంది. కుళాయి బాగా తిప్పింది. పైపు ఎప్పటిలాగే గోడకేసి దబదబా కొట్టుకుంది. ఆ చప్పుడు కింద ఇంకో చప్పుడు.

అమ్మ ఏడుస్తోంది.

రాబిన్ లేచి నిలబడింది. తలుపు నాలుగడుగుల దూరం. హెడ్‌ఫోన్స్ తీయలేదు. కాసేపటికి మళ్ళీ కూర్చుంది.

తర్వాత ఆ ఏడుపుని నెమ్మది చేసింది, గొంతు లోతు పెంచింది, వెనక నుంచి ముందుకి తిప్పింది. విన్న కర్టిస్‌కి రోమాలు నిక్కబొడుచుకున్నాయి. "ఎలా చేశావే ఇది?" అని అడిగితే, "పైపే, కాస్త మార్చాను" అంది.

అమ్మ ఎందుకు ఏడ్చిందో మాత్రం ఇప్పటి దాకా అడగలేదు. అడిగితే ఎలా తెలిసిందో చెప్పాల్సి వస్తుంది.

ఆ గురువారం మధ్యాహ్నం తల్లీకూతుళ్ళిద్దరూ బస్సెక్కారు. డ్రైవర్ ట్రెవర్ జానీన్‌ని చూసి పళ్ళన్నీ బయటపెట్టాడు.

"ఓహో, మహారాణిగారు! జనం ఎక్కే తలుపులోంచి ఎక్కడం ఎలా ఉందేంటి? వారం నుంచి పత్తా లేవు, డిపో అంతా నీ గురించే."

"నువ్వు రోడ్డు చూసి నడుపు ట్రెవర్. మలుపుల్లో నీ బ్రేకులు వింటే నాకు పంటినొప్పి" అంది జానీన్.

"వారం నుంచా?" అంది రాబిన్ సీట్లో కూర్చుంటూ.

"వాడికి రోజులు లెక్కపెట్టడం ఎప్పుడొచ్చింది గనక?"

రాబిన్ రెట్టించలేదు. దాచినవాళ్ళు ఎదుటివాళ్ళు దాచింది తవ్వరు.

కాలేజీ చిన్న హాల్లో తల్లిదండ్రులు టీ కప్పులతో సర్దుకున్నారు. దీపాలు ఆర్పారు. మూడు సినిమాల తర్వాత రాబిన్, కర్టిస్‌లది వచ్చింది. తెర మీద వరండా. నడుస్తున్న కాళ్ళు. అంతలో ఆ శబ్దం హాలంతా పాకింది. ముందు వరసలో ఎవరో "అమ్మో" అన్నారు. ఒకావిడ భర్త చెయ్యి పట్టుకుంది.

రాబిన్ తెర చూడలేదు, తల్లిని చూసింది. జానీన్ ముందుకు వంగి, తెరని వెతుక్కుంటున్నట్టు తల అటూ ఇటూ తిప్పుతోంది. ఇంతలో ఏడుపు వెనక పైపు దబదబా కొట్టుకుంది. ఆ తల ఒక్కసారిగా ఆగిపోయింది. ఆ పైపు దెబ్బలు ఆ ఇంట్లో వాళ్ళకి తప్ప లోకంలో ఎవరికీ తెలియవు.

దీపాలు వెలిగాయి. చప్పట్లు. మాస్టారు ఆల్డ్రిడ్జ్ లేచారు. "అద్భుతం! నేనింకా వణుకుతున్నాను. ఆ ఏడుపు ఎలా సృష్టించారు?"

కర్టిస్ రాబిన్ వైపు చెయ్యి చూపించాడు. "అంతా ఈవిడగారి ప్రతిభే సార్."

రాబిన్ తల్లి వైపు చూడకుండా జవాబిచ్చింది. "పైపు చప్పుడు సార్. నెమ్మది చేసి... మార్చాను."

జానీన్ లేచింది. కుర్చీ అంచు మోకాలికి తగిలింది, తర్వాత తలుపు అంచు భుజానికి తగిలింది. వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

రాబిన్‌కి ఆమె బస్టాపు దగ్గర దొరికింది. చినుకులు పడుతున్నా షెల్టర్ బయటే నిలబడి ఉంది.

"అమ్మా, నీకు చెబుదామనే..."

"పైపు చప్పుడా?" జానీన్ గొంతు పెంచలేదు. "అమ్మని పైపు చేశావు. బాగుంది."

"తీసేస్తాను. ఇప్పుడే తీసేస్తాను."

"కుళాయి ఎందుకు తిప్పానో తెలుసా? నీకు వినపడకూడదని. నా ఇంట్లో నేను ఏడవడానికి నాకున్న చోటు అదొక్కటే రాబిన్. దాన్ని తెచ్చి టీ తాగేవాళ్ళ ముందు పెట్టావు."

"తప్పయిపోయింది."

"ఎంతసేపు విన్నావు?"

రాబిన్ తడిసిన జుట్టు వెనక్కి తోసుకుంది.

"అడుగుతున్నాను. ఎంతసేపు?"

"నువ్వు కుళాయి కట్టేసేదాకా."

"అంతసేపూ ఏం చేశావు?"

అబద్ధం నాలుక చివర సిద్ధంగానే ఉంది. కానీ ఆ వానలో, ఆ మొహం ముందు, అది బయటికి రాలేదు.

"ఒకసారి నువ్వు గట్టిగా ఏడ్చావు" అంది రాబిన్. "అప్పుడు శబ్దం ఎక్కువై రికార్డింగ్ పాడవుతుందని... తగ్గించాను."

ఆ మాట బయటికి వచ్చాక గానీ అదెంత ఘోరమో తనకే అర్థం కాలేదు. దొంగతనంగా రికార్డు చేయడం ఒక ఎత్తు. కన్నతల్లి గుండె పగిలేలా ఏడుస్తుంటే, తలుపు తట్టాల్సిన చేత్తో రికార్డర్ మీట తిప్పడం మరో ఎత్తు. రాబిన్ అక్కడే, అందరూ చూస్తుండగా వెక్కివెక్కి ఏడ్చింది.

"ఎందుకు ఏడ్చావమ్మా ఆ రోజు? చెప్పు. అప్పుడే అడగాల్సింది."

జానీన్ షెల్టర్ స్తంభానికి ఆనుకుంది.

"సైకిల్ మీద ఒక పిల్లాడు. స్కూలు బ్యాగుతో. నా బస్సు పక్కనే ఉన్నాడు, నాకు కనపడలేదు. జనం అరిస్తే బ్రేకు వేశాను. వాడికేం కాలేదు. నాకు చెయ్యి కూడా ఊపాడు." ఆమె కోటు కాలర్ పైకి లాక్కుంది. "మర్నాడు కళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. ఎదురుగా ఉన్నది కనపడుతుంది, పక్కనున్నది కనపడదు. నీటికాసులట. పోయిన చూపు తిరిగి రాదు, ఇక బండి ముట్టుకోవద్దన్నాడు. ఆ రోజు నుంచి ముట్టుకోలేదు. డిపోలో మాత్రం ఒంట్లో బాగాలేదని చెప్పి, నీ ముందు డ్యూటీకి వెళ్తున్నట్టే రోజూ బయటికి వెళ్ళొచ్చాను. నిజం చెబితే అంతా అయిపోతుంది కదా."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పను? మీ అమ్మకి వచ్చిన పని ఇదొక్కటే, అదీ పోయిందనా?" జానీన్ కళ్ళు తుడుచుకుంది. "నీ సినిమా కూడా సగమే కనపడింది. గొంతు మాత్రం మొత్తం వినపడింది."

వెనక నుంచి కర్టిస్ పరుగెత్తుకొచ్చాడు, చంకలో ల్యాప్‌టాప్. "రాబిన్! మాస్టారు అడుగుతున్నారు, రేపు మార్కులకి పంపేది ఇదేనా అని."

"కాదు. ఆ ఏడుపు తీసెయ్యి."

"పిచ్చా నీకు? అది తీస్తే మిగిలేది ఖాళీ వరండా, నీ బూట్లూ!"

"అది మా అమ్మ గొంతు కర్టిస్. తనకి తెలియకుండా తీశాను. నీకు కూడా అబద్ధం చెప్పాను. మాస్టారికి నేనే వచ్చి చెబుతాను."

కర్టిస్ ల్యాప్‌టాప్‌ని ఇంకో చంకలోకి మార్చుకున్నాడు. జానీన్ వైపు తిరిగి, "నేను... వెనక వరసలో గట్టిగా చప్పట్లు కొట్టింది నేనేనండీ. క్షమించండి" అన్నాడు.

"తీసేస్తే మార్కులు పోతాయా?" అని అడిగింది జానీన్.

"పోతాయండీ. బాగానే పోతాయి."

"పోనీ" అంది జానీన్.

రాబిన్ తలూపింది. అమ్మ 'ఫరవాలేదు, ఉంచుకో' అననందుకు ఎందుకో మనసు తేలికపడింది. కర్టిస్ గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. సగం దారిలో ఆగి, "సరే, మేకనే పెట్టుకుందాం!" అని అరిచాడు. జానీన్ నవ్వలేదు గానీ పెదవి కదిలింది.

ఒక బస్సు వచ్చి వెళ్ళిపోయింది. ఇద్దరూ ఎక్కలేదు. జానీన్ షెల్టర్ లోపల కూర్చుని ఫోన్ తీసింది. డిపో మేనేజర్ షీలా పేరు దగ్గర వేలు ఆగింది.

"నేను చెయ్యనా?" అంది రాబిన్.

"వద్దు. నా నోటితో నేనే చెప్పాలి."

జానీన్ ఆ పేరు నొక్కింది. అటు షీలా పలికింది. జానీన్ మొదటి వాక్యం బాగానే మొదలుపెట్టింది. రెండో వాక్యంలో 'కళ్ళు' అన్న మాట దగ్గర ఏడుపొచ్చేసింది. రోడ్డు మీద అందరూ చూస్తున్నారు. ఆమె ఆపుకోలేదు. ఏడుస్తూనే డాక్టర్ మాట, సైకిల్ పిల్లాడి మాట, అన్నీ చెప్పేసింది. రాబిన్ పక్కనే కూర్చుని భుజం చుట్టూ చెయ్యి వేసింది.

అటు నుంచి షీలా గొంతు మెత్తబడింది. "మిగతావన్నీ తర్వాత చూద్దాం తల్లీ. ముందు ఇది చెప్పు. ఇప్పుడు నీ దగ్గర ఎవరైనా ఉన్నారా?"

పక్కనున్నది జానీన్‌కి కనపడదు. అందుకని తల పూర్తిగా తిప్పి, కూతురి తడిసిన మొహాన్ని నిదానంగా చూసుకుంది.

"ఉంది" అంది. "మా అమ్మాయి ఉంది."