ఉలవలకు కప్పిన దుప్పట్లు

బస్సు దిగి బురదలో పరుగెత్తుకొచ్చిన ఉషారాణికి చేలో మోళ్లు తప్ప ఏమీ కనబడలేదు.

కారేపల్లి దగ్గరి తండాలో, జైరాం చేలో, అతని ఇంటి విత్తనంతో కలిపి నాలుగు రకాల ఉలవల్ని పక్కపక్కన వేయించింది ఆమే. ఏ రకం ఎక్కువ దిగుబడి ఇస్తుందో తేల్చడం ఆమె పీహెచ్‌డీ పని. మణుగూరు బొగ్గు గనిలో పనిచేసే నాన్ననూ, అమ్మనూ చూసొచ్చేలోగా అకాల వర్షం పడింది. ఇప్పుడు చూస్తే చేను ఖాళీ!

"ఎవర్ని అడిగి కోసినవ్ జైరాం?" గట్టు మీదున్న అతని మీద విరుచుకుపడింది. "అన్నీ ఒక్క దగ్గరేసి కలిపేసినవా? నా కష్టమంతా గంగల పోసినవ్ గదా! ఒక్క ఫోన్ చెయ్యరాదా?"

"చేసిన మేడం. సిగ్నల్ లేదన్నది. వానేమో సిగ్నల్ దాకా ఆగేటట్టు లేదు."

"జోకులా?"

"జర ఒక్కసారి వచ్చి చూడుండ్రి."

మేకల కొట్టంలోకి అడుగుపెట్టిన ఉషారాణి నిలబడిపోయింది. నాలుగు మూలలా నాలుగు కుప్పలు. ఒక్కో కుప్ప మీద ఆ రకం పేరున్న చెక్క, పైన దుప్పటి. ఒక్క తీగ కూడా తడవలేదు.

"మేకల్ని ఇంట్ల కట్టేసిండు బిడ్డా," వెనకనుంచి అందుకుంది జైరాం తల్లి సోమ్లి. "దుప్పట్లన్నీ నీ ఉలవలకే కప్పిండు. మేం చలికి వణుక్కుంట కూసున్నం."

ఉషారాణి అక్కడే కూలబడింది. కన్నీళ్లూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

"సారీ జైరాం. ఊరికే తిట్టిన."

"పర్లేదు మేడం. తిట్టేటప్పుడు గూడ మస్తు..." నాలుక కరుచుకున్నాడు.

"మస్తు?"

"మస్తు... వాన పడ్డదంటున్న."

ఎండ కాశాక నాలుగింటినీ విడివిడిగా నూర్చి తూకం వేశారు. పరిశోధన కేంద్రం నుంచి తెచ్చిన కొత్త రకం ముందు నిలిచింది. జైరాం ఇంటి విత్తనం చివరికి పోయింది.

"వచ్చే ఏడు ఈ కొత్తదే వేస్త," అన్నాడతను సంతోషంగా. అంతలోనే గొంతు తగ్గింది. "మీ పనైతే అయిపాయె. ఇంక రారేమో."

"ఉలవల కోసమైతే రాను."

అతని ముఖం వాడిపోయింది.

"నీ కోసం రావొచ్చా?"

జైరాం చేతిలోని చేట జారిపడింది. "మేడం..."

"ఉషా అను."

"పిల్ల అడుగుతాంటే మూగోని లెక్క నిలవడ్డవేందిరా?" సోమ్లి కొడుకు వీపు మీద ఒక్కటి చరిచింది. "బిడ్డా, మీ నాయినకు డ్యూటీ లేని దినం చెప్పు. మణుగూరొచ్చి నేనే మాట్లాడుత."

"అవ్... రావొచ్చు, ఉషా," అన్నాడు జైరాం ఎలాగో.

ఎన్నాళ్లుగానో ఆ పిలుపు కోసమే చూస్తున్న ఉషారాణి, కిందపడ్డ చేట తీసి నవ్వుతూ అతని చేతికిచ్చింది.