ఖాళీ మిక్సర్ బరువు

ఆ కర్మాగారంలో గోడలకు పూసే పుట్టీ తయారవుతుంది. మూడు రకాల పొడులు పైనుంచి గొట్టాల్లో దిగుతాయి, చిన్న గదంత ఉన్న ఇనప మిక్సర్లో కలుస్తాయి, కింద బస్తాల్లోకి పోతాయి. మిక్సర్ పక్కన అద్దాల గది, అందులో ఒక కంప్యూటరు, ఒక కుర్చీ. ఇప్పుడు ఆ కుర్చీలో ఆమె కూర్చుంటుంది, అంతకుముందు అది ఆమె మరిదిది. భర్త ఇక్కడే పోయాడు, మరిది ఉద్యోగం మానేశాడు, కంపెనీవాళ్లు ఆమెను పిలిచి ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. ఆమె వద్దనలేదు. కావాలనీ అనలేదు.

ఆ రోజు మధ్యాహ్నం నుంచి వాన పట్టుకుంది. కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది, దాని గడులన్నీ ఆమె నింపాలి. మొత్తం ఆర్డరు ఒక బ్యాచ్. మిక్సర్లో ఒక్కసారికి ఎంత పడుతుందో అంత ఒక లోడు. అవి నింపింది. చివర్లో ‘ఖాళీ హద్దు’ అని ఒక గడి ఉంది. మిక్సర్ తూకం మీదే నిలబడి ఉంటుంది, ఖాళీగా ఉండాల్సినప్పుడు అది అంతకు మించి బరువు చూపిస్తే మోటారు తిరగదు. ఆ ఒక్క గడి కోసమే డబ్బు పోసి ఇదంతా కొన్నారు. ఎందుకు కొన్నారో ఆమె ముందు మాత్రం ఎవరూ నోరు విప్పరు.

ఐదు కిలోలు అని కొట్టింది. ఆయన పోయిన రోజు నుంచి ఆమెకు ఏదీ తగలడం లేదు. అన్నం పెడితే తింటుంది, పక్క వేస్తే పడుకుంటుంది. ఏడవవే, గుండె బరువు దిగుతుంది అని అత్త పోరుతుంటే ఆమె గిన్నెలు తోముకుంటుంది.

స్టార్ట్ నొక్కింది. మోటారు తిరగలేదు. తెర మీద ఎర్రటి అక్షరాలు వచ్చాయి. మిక్సర్ ఖాళీగా లేదు. అరవై నాలుగు కిలోలు.

ఫిట్టర్‌ని పిలిచింది. ఊరందరికీ ఆయన బాబాయే. మూత తీసి, టార్చి వేసి, రబ్బరు సుత్తితో గోడలన్నీ కొట్టి చూశాడు.

“నా బట్టతల కంటే నున్నగా ఉందమ్మా లోపల. నువ్వూ చూడు.”

చూసింది. రెక్కలు, నిగనిగలాడే ఇనుము, అడుగున చీకటి. ఏమీ లేదు. ఆయన తూకం సరిచూడటానికి ఇరవై కిలోల గుండు తెచ్చి వేలాడదీశాడు. తెర మీద ఎనభై నాలుగు. తీశాడు. అరవై నాలుగు.

“తూకం సరిగ్గానే చెబుతోంది. మరి దేన్ని తూస్తోందో...” అన్నాడు బాబాయ్. ఆ తర్వాత హాస్యాలాడలేదు. బస్తాల దగ్గర పనుందని కిందికి దిగిపోయాడు.

ఈ పనివాళ్లందరికీ ఒక అలవాటు ఉంది. తడికి పొడి గోడలకు అంటుకుంటుంది, ఖాళీ మిక్సర్ అంతో ఇంతో బరువు చూపిస్తుంది. అప్పుడెవరూ లేచి వెళ్లి చూడరు. సున్నా అనే మీట నొక్కుతారు. ఉన్నదాన్ని లేనట్టు లెక్క. మరిది కూడా ఆ రోజు అదే చేశాడు. లోపల అతని అన్న, ఆమె భర్త, రెక్కలకు అంటిన పొడి గీకుతున్నాడు. ఇంత చిన్న పనికెందుకని, బయటివాళ్లు తిప్పకుండా మోటారుకు వేసుకునే తాళం వేసుకోలేదు. మరిదికి తెర మీద అరవై నాలుగు కనిపించింది. పొడి అంటుకుందిలే అనుకున్నాడు. సున్నా నొక్కాడు. స్టార్ట్ నొక్కాడు.

ఆ అంకెను మరిది పోలీసులకు చెప్పాడు, తల్లికి చెప్పాడు, ఇప్పటికీ నిద్రలో చెబుతుంటాడు. అతని మీద కోపం తెచ్చుకుందామని ఆమె శతవిధాలా చూసింది. రాలేదు. ఆ ఇంట్లో మిగిలిన ఒకే ఒక్క మగతోడు అతను. అతనికేమైనా అయితే ఆమెకూ అత్తకూ దిక్కుండదు.

రేకుల మీద వాన చప్పుడు ఎక్కువైంది. తడిసిన సిమెంటు వాసన గది నిండా కమ్ముకుంది. ఆమె తెర వైపే చూస్తోంది. అరవై నాలుగు... అరవై మూడున్నర... మళ్లీ అరవై నాలుగు. ఎవరో నిలబడి, కాళ్లు లాగి, ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి బరువు మారుస్తున్నట్టు.

లేచి వెళ్లి మూత దగ్గర వంగింది.

“ఏవండీ... మీరేనా?”

లోపల కదలిక లేదు. చప్పుడు లేదు. మొహానికి చల్లటి గాలి తగిలింది. అంతే.

“మీరైతే దిగిపోండి... వాళ్లు తిప్పుతారు.”

ఇంటర్‌కమ్ మోగింది. మేనేజరు.

“ఏమ్మా, లారీ ఎప్పట్నుంచో నిలబడి ఉంది. మిక్సర్ ఖాళీయేనా, కాదా?”

“ఖాళీగానే ఉంది సార్. బరువు చూపిస్తోంది...”

“ఖాళీ అయితే సున్నా కొట్టు. నీకు ఆ సీట్లో కష్టంగా ఉంటే మొహమాటపడకుండా చెప్పు, ఇంకొకళ్లని చూసుకుంటాను.”

మూత వేసింది. వచ్చి కూర్చుంది. వేలు మీట మీద పెట్టి, ఏదైనా అనిపిస్తుందేమోనని కాసేపు ఆగింది. ఏమీ అనిపించలేదు. సున్నా నొక్కింది. స్టార్ట్ నొక్కింది.

మోటారు తిరిగింది. అరుపు లేదు, కుదుపు లేదు. లోడు వెనక లోడు దిగింది, కలిసింది, బస్తాల్లోకి పోయింది. పొద్దుగూకేసరికి బ్యాచ్ అయిపోయింది. బాబాయ్ పైకి వచ్చాడు.

“బస్తాలన్నీ తూచాను. ఎక్కడా గ్రాము తేడా లేదు,” అన్నవాడల్లా తెర చూసి ఆగిపోయాడు.

మైనస్ అరవై నాలుగు.

“ఇదేంటి బాబాయ్?”

“సున్నా కొట్టినప్పుడు లోపల ఏదో ఉండాలి. ఇప్పుడది లేదు... అందుకని మైనస్.”

“బస్తాల్లోకి పోయిందా?”

“బస్తాల్లోకి పోతే అక్కడ తేలేది కదమ్మా.” ఆయన గొంతు తగ్గిపోయింది. “నువ్వు ఇంటికి వెళ్లు. లైట్లు నేను ఆర్పుతాను.”

ఆమె ఇనప మెట్లు దిగి ఆవరణలోకి వచ్చింది. వాన తుంపరగా మారింది. గేటు బయట మరిది బైకు మీద కూర్చుని ఉన్నాడు. రోజూ ఇంటికి తీసుకెళ్లడానికి వస్తాడు, కర్మాగారం వైపు మాత్రం తల తిప్పడు. వీపు ఇటు పెట్టి, హెల్మెట్ తియ్యకుండా, రోడ్డు చూస్తూ ఉంటాడు. ఆమె వచ్చి వెనక కూర్చుంటే బండి నడుపుతాడు.

ఆమె ఇంకా ఆవరణ మధ్యలోనే ఉంది.

బైకు వెనక భాగం కిందికి కుంగింది. మెల్లగా... మనిషి కాలు వేసి ఎక్కినట్టు.

“సరిగ్గా కూర్చున్నావా వదినా?” అన్నాడు మరిది.

ఆమెకు భయం వేసింది. ఇన్నాళ్లలో ఆమెకు మొదటిసారి ఏదైనా అనిపించిందంటే అదే, ఒళ్లంతా ఒక్కసారిగా పాకిన భయం. ఆగు అని అరవబోయింది. గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. పరిగెత్తింది.

అతను తల కాస్త వెనక్కి వంచాడు, చెవి దగ్గర ఎవరో ఏదో చెబుతుంటే వింటున్నట్టు.

“ఊ... సరే,” అన్నాడు.

బండి కదిలింది. ఆమె గేటు దాటి రోడ్డు మీదికి వచ్చేసరికి అది మలుపు దగ్గరికి వెళ్లిపోయింది. వెనక సీటు ఖాళీగా కనిపిస్తోంది. అయినా అతను వెనక మనిషి ఉన్నవాడిలా, జాగ్రత్తగా, వేగం తగ్గించుకుని తిప్పాడు.

ఇంటికి కుడివైపు తిరగాలి. బండి ఎడమవైపు తిరిగింది.