ఆకలేస్తే తాగు

తెనాలి నుంచి బాపట్లకు రోజూ పాసింజరులో వెళ్ళేదాన్ని. ఆ పెట్టెలో నా ఉద్యోగం సంగతి తెలియనివాళ్ళు లేరు. గేదెల కడుపులో పిల్లలు ఎందుకు నిలవవో, నిలిచినవి ఎందుకు పోతాయో కనిపెట్టడం నా పని. “పెళ్ళీ పిల్లలూ లేనావిడ గొడ్లకు పురుళ్ళు పోస్తోంది” అని వెనక సీట్లో నవ్వేవారు. నవ్వుకోండి, నాకేం? ఆ నవ్వులు వింటూనే పరిశోధన వ్యాసాలు రాసుకునేదాన్ని.

2006 వేసవిలో రేపల్లె దగ్గర బసవమ్మ అనే ఆవిడ గేదె చచ్చిన దూడను ఈనింది. కబురు తెలిసి పరిగెత్తాను. బొడ్డుతాడులో మూలకణాలుంటాయి. ఎముకగానో, కండగానో మారగల పసికణాలు. చిన్న ముక్క కోసుకున్నాను.

“చచ్చినదాంతో ఏం చేస్తారండి డాక్టరమ్మా?” అని అడిగింది బసవమ్మ.

“దీన్ని చావనివ్వను” అన్నాను.

గొప్పకు అన్న మాటే. ఆవిడ నవ్వలేదు. ఆ సాయంత్రమే దూడ తోలు ఒలిపించి, అందులో గడ్డి కూరి, గేదె ముందు నిలబెట్టింది. మా వైపు అందరూ చేసేదే. తన దూడే అనుకుని తల్లి ఆ తోలును నాకుతూ పాలు చేపుతుంది. పాలు పిండుకుంటారు.

అంతకుముందు ఎన్నిసార్లు ప్రయత్నించినా వారం దాటని కణాలు ఈసారి నెలలు దాటాయి. హైదరాబాదు నుంచి పెద్దలు చూడ్డానికి వస్తున్నారు. కణాలు బతికుంటే నా పరిశోధన సాగుతుంది, లేకపోతే మూతే. మా డైరెక్టరు పూర్ణచంద్రరావు మూతకే సిద్ధంగా ఉన్నాడు. “ఈ వయసులో హాయిగా పాఠాలు చెప్పుకోండమ్మా” అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

వాళ్ళు రావాల్సిన వారమే వాయుగుండం పట్టింది. మధ్యాహ్నానికల్లా అందర్నీ ఇళ్ళకు పంపేశారు. నేను కదల్లేదు. పట్టపగలే చీకటి కమ్మింది. కిటికీ సందుల్లోంచి ఉప్పుగాలి కొట్టింది. దాంతోపాటు తడిసిన గడ్డి వాసన. బాపట్లలో మా ల్యాబ్ చుట్టూ తెల్లటి ఇసకే తప్ప గడ్డివామి అన్నది లేదు.

ఫోను మోగింది. బసవమ్మ.

“డాక్టరమ్మా, గేదె ఆ తోలుదూడని కుమ్మి అవతల పారేసిందండి. పడమటేపు, మీ బాపట్ల వైపు చూసి ఒకటే అరుపు. పాలు చేపట్లేదు. మీ దగ్గరున్నదాన్ని పారేయండి తల్లీ. దానికి తెలిసిపోయింది.”

“ఏంటి తెలిసింది?”

“దూడ మీ దగ్గరుందని.”

“పారెయ్యను” అన్నాను.

లైను తెగిపోయింది. ఆ వెంటనే కరెంటు పోయింది.

జనరేటరు గది నీళ్ళలో ఉంది. ఇంక్యుబేటరు చల్లబడితే కణాలు చచ్చిపోతాయి. కణాలున్న రెండు సీసాల్నీ, వాటికి ఆహారంగా పోసిన ఎర్రటి ద్రవంతో సహా తీసి, మూతలు బిగించి, పమిటలో చుట్టి పొట్టకు కట్టుకున్నాను. గతిలేనప్పుడు మాకు ఒంటి వేడే ఇంక్యుబేటరు. చీకట్లో గోడకు ఆనుకుని కూర్చున్నాను.

వాన హోరులో ఇంకేదో చప్పుడు.

చప్... చప్...

బయట కాదు. నా పమిటలోంచి.

ఏదో నా పొట్టను కుమ్మింది. మెల్లగా. దూడ పొదుగును కుమ్మినట్టు. మళ్ళీ కుమ్మింది... ఈసారి గట్టిగా.

భయమేసింది. ముడి విప్పి విసిరేస్తే చాలు. చేయి ముడి దాకా వెళ్ళింది కూడా. పూర్ణచంద్రరావు మొహం గుర్తొచ్చింది. వెనక సీటు నవ్వులు గుర్తొచ్చాయి. భయం మీద కోపం లేచింది.

“ఆకలేస్తే తాగు” అన్నాను గుసగుసగా. “చావడం మాత్రం కుదరదు.”

చప్పుడు ఆగింది... మళ్ళీ మొదలైంది. ఈసారి నిదానంగా, తృప్తిగా.

అప్పుడు తలుపు కదిలింది. అవతల బరువైన ఊపిరి. తలుపు కింది సందులోంచి వెచ్చటి గాలి నా పాదాలకు తగిలింది. సన్నటి, తెగిపోతున్న అరుపు. పమిటలో ఉన్నది ఒక్కసారి తలుపు వైపు పెనుగులాడింది. రెండు చేతులతో అదిమి పట్టుకున్నాను.

“ఇవ్వను” అన్నాను. “నీ దగ్గర చచ్చింది. నా దగ్గర బతికింది. పో!”

అవతలి ఊపిరి ఆగింది. తర్వాత వాన చప్పుడే మిగిలింది.

కరెంటు వచ్చాక సీసాలు మైక్రోస్కోపు కింద పెట్టాను. కణాలు నిగనిగలాడుతున్నాయి. సీసాల్లో ద్రవం మాత్రం చుక్క లేదు. మూతలు బిగించినవి బిగించినట్టే ఉన్నాయి.

మర్నాడు బసవమ్మే ఫోను చేసింది. గేదె పలుపు తెంపుకోలేదట, గుంజ దగ్గరే ఉందట. “కానీ కాళ్ళనిండా తెల్లటి ఇసకండి. మాదంతా నల్లమట్టి కదా, ఎక్కడిదంటారు?”

నాకు తెలియదన్నాను.

నా కణాలు బతికాయి. పెద్దలు వచ్చి చూశారు. పూర్ణచంద్రరావు సంతకం పెట్టక తప్పలేదు. ఇంకెవరు వచ్చి అడిగినా నా జవాబు అదే: ఇవ్వను.

ఒక్క సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఆ తుఫాను వెలిశాక ఇంటికెళ్ళి స్నానానికి జాకెట్టు విప్పాను. ముందు భాగమంతా తడిసి, ఆరి, అట్టకట్టుకుపోయి ఉంది. నాకప్పుడు నలభై ఆరేళ్ళు. ఎన్నడూ కన్నదాన్ని కాదు. జాకెట్టు తీసి బకెట్లో ముంచాను.

నీళ్ళు తెల్లబడ్డాయి.