బస్సు దిగే నేల

“ఇది బస్సు పెట్టే చోటా, నారుమడా?”

బిందు చెప్పులు చేతిలో పట్టుకొని, చీలమండల దాకా నీళ్ళలో నిలబడి అడిగింది. చినుకులు ఇంకా పడుతూనే ఉన్నాయి.

నేను నిలిచిన నీళ్ళనే చూస్తున్నాను. ముత్తుకూరు రోడ్డు పక్కన, మా చేనుకు ఆనుకొని ఉన్న బిందు వాళ్ళ ఎనిమిది సెంట్ల స్థలాన్ని ట్రాక్టరుతో చదును చేసింది నేనే. వరి మడికి చేసినట్టే చేశాను. అంగుళం ఎత్తుపల్లం లేదు. చుట్టూ గట్టు వేసి పారతో చెక్కాను కూడా. మా చుట్టుపక్కల చదును అంటే నన్నే పిలుస్తారు మరి. తెల్లవారుజామున పడిన వానంతా అందులో అద్దంలా నిలిచింది.

“నరేంద్రబాబూ, నిన్నే! నోట్లో ఏమన్నా పెట్టుకోనుండావా?”

“గట్టు బాగా పెట్టినా,” అన్నాను.

ఆమె నా వంక గుర్రుగా చూసింది. ఆపుకోలేక నవ్వేసింది.

“అవునబ్బా, చుక్క బయటికి పోలేదు. చేపపిల్లల్ని తెచ్చి వదలమంటావా?”

తిట్టినా బాగుండేది. ఆ నవ్వు మధ్యాహ్నం దాకా నన్ను వదల్లేదు.

బిందు కృష్ణపట్నం దగ్గర కరెంటు ప్లాంటులో మెయింటెనెన్సు సెక్షన్లో పని చేస్తుంది. వాళ్ళ నాన్న హజరత్తయ్య పదహారేళ్ళు ఒక కంపెనీ స్టాఫ్ బస్సు నడిపాడు. కంపెనీ ఆ బస్సును తుక్కు కింద తీసేస్తే, ముక్కలు కాకముందే బిందు కొనేసింది. దాన్నే ఇల్లు చేసి అందులో నాన్నతో ఉండాలని ఆమె పట్టు. ఆదివారం సాయంత్రానికి బస్సు కంపెనీ యార్డు దాటాలి. దాటకపోతే సోమవారం కట్టర్లు పెట్టి కోసేస్తారు.

“ఈ బురదలో చక్రం దిగిందంటే మళ్ళీ పైకి రాదు,” అంది, నవ్వు తగ్గాక. “ఇయ్యాల బుధవారం.”

“ఆదివారానికి చేస్తా.”

“నిజంగా?”

“ఊఁ.”

“ఆ ఊఁ కి గ్యారంటీ ఉందా సార్?”

ఉందన్నట్టు తల ఊపి పార తీసుకున్నాను.

గట్టు తెంపేటప్పుడు చెయ్యి ఒక్క క్షణం ఆగింది. నిలిచిన నీళ్ళను వదిలేయడం పైరు పెట్టేవాడికి అలవాటు లేని పని. కానీ మడిలో నీరు నిలపాలంటే అది ఎటు పారాలనుకుంటుందో ముందు తెలియాలి. నాకు తెలుసు. రోడ్డు వైపు ఎత్తి, వెనక కాలువ వైపు వాలు ఇచ్చాను. చక్రాలు నిలిచే రెండు బాటల్లో మాత్రం మొరం పోసి, తడిపి, రోలరు తిప్పి గట్టి చేశాను.

బిందు డ్యూటీ దిగి రోజూ వచ్చేది. చున్నీ నడుముకు బిగించి, తను గీసిన కాగితం ట్రాక్టరు బానెట్ మీద పరిచేది.

“నీళ్ళ పైపు ఇట్టా, సెప్టిక్ ట్యాంకు ఆడ. బస్సు నిలబెట్టినాక కింద తవ్వలేం. అన్నీ ముందే అయిపోవాల.”

“బస్సొచ్చే దోవ?”

“ఈ మూలనుంచే. రోడ్డుకు దగ్గర గదా.”

నేను పైకి చూపించాను. కరెంటు తీగ కిందికి వేలాడుతోంది.

“వరిగడ్డి లోడుతో దాని కింద ఎప్పుడూ రాలేదు నేను. మీ బస్సు పైకప్పు కూడా తగులుకుంటాది.”

ఆమె తీగను చూసింది, కాగితం చూసింది, తర్వాత నన్ను చూసింది. ఆ చూపు కొంచెం ఎక్కువసేపు ఉంది. నేను బానెట్ మీద లేని దుమ్మును తుడిచాను.

“కరెంటు ప్లాంటులో ఉండేది నేను, తీగ చూసింది నువ్వు,” అంది. పెన్సిలుతో గీసిన దోవ కొట్టేసి, తూర్పు వైపు కొత్తది గీసింది.

శనివారం మళ్ళీ పెద్ద వాన. ఇద్దరం ట్రాక్టరు పక్కన ఒకే గొడుగు కింద నిలబడ్డాం. నీళ్ళు బాటలను వదిలి, వరసగా కాలువలోకి వెళ్ళిపోయాయి.

“ఒక్క చోట కూడా నిలవలేదు!” అని నా చెయ్యి పట్టుకుంది. వాన ఆగింది. చెయ్యి వదల్లేదు.

ఆదివారం నాలుగింటికి బస్సు వచ్చింది. హజరత్తయ్య కొత్త దోవలో వెనక్కి తిప్పి, ఒక్కసారికే రెండు బాటల మీద నిలబెట్టాడు. దిగి, ఒక్కో చక్రం పక్కనా మడమతో నేలను గట్టిగా తొక్కి చూశాడు. ఎక్కడా దిగలేదు.

“ఎవురు చేసినారు ఈ పని?”

“నరేంద్ర, నాన్నా!” అంది బిందు. ఆ గొంతులో గర్వానికి నా ఛాతీ ఉబ్బింది.

ఆయన లోపలికి వెళ్ళి హ్యాండ్ బ్రేకు సరిచూస్తుంటే, బిందు బస్సు పక్కకు చెయ్యి చూపింది.

“పెద్ద కిటికీ ఏ పక్క పెట్టమంటావు?”

“నీ ఇష్టం.”

“ముందు ముందు నువ్వూ చూడాల్సిన కిటికీ గదా?”

నాకు మాటలు రావని ఊరంతా అంటుంది. ఆ రోజు వచ్చాయి.

“మా చేను పక్క పెట్టు. నేను పొద్దున దున్నుతుంటే నువ్వు కనపడాల.”

డ్రైవరు సీటు పక్కనున్న కిటికీ అద్దం జరిగింది. హజరత్తయ్య తల బయటికి వచ్చింది. అంతా విన్నాడు.

“అబ్బాయా, రేపు మీ అమ్మను పిలుచుకోని రా, మాట్లాడుకుందాం. ఇంట్లోవాళ్ళను అందర్నీ తీసుకోని రా. సీట్లింకా పీకలేదు, నలభై మందికి చోటుండాది.”

“మేం పన్నెండు మందిమే మామా,” అన్నాను.